రావిశాస్త్రిని ‘అల్పజీవి’తో మొదలుపెట్టొచ్చా?

ద్వారకానగర్: వచ్చే నెల మన విశాఖ చదువరుల కూటానికి కథకుడు, నవలాకారుడు రావిశాస్త్రి (రాచకొండ విశ్వనాథశాస్త్రి) గారిని అనుకున్నాం. ఎవరిని అడిగినా ఆయన కథల సంపుటి ‘ఆరు సారా కథలు’ అంటున్నారు. ‘అల్పజీవి’ తొలి నవల కదా, చెయ్యి తిరగకముందు రాసిందని పక్కన పెట్టేస్తున్నారు. తెరిస్తే అలా లేదండీ, ఆశ్చర్యపరిచింది. ఏది ముందు?

మహారాణిపేట: ‘అల్పజీవి’యే. కథ చిన్నది: గుమాస్తా సుబ్బయ్య, కంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు, ఆపైన భయం. ఆ భయాన్ని పట్టుకున్న తీరే గొప్ప. కథకుడి వాక్యం నడుస్తూ నడుస్తూ సుబ్బయ్య మనసులోకి జారిపోతుంది. కొత్తవాళ్లు తప్పిపోయేది అక్కడే. సుబ్బయ్య అనుకున్నదాన్ని రచయిత అభిప్రాయమనుకుని ‘ఏమిటీ పిరికిరాత’ అని మూసేస్తారు. మొదటి పాతిక పేజీల్లో సుబ్బయ్య ఆలోచన వచ్చినచోటల్లా పక్కన పెన్సిల్‌తో గీత పెట్టమనండి. ఆ తర్వాత గీత అక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది.

పెదవాల్తేరు: నేనొప్పుకోను. ఆయన విశాఖలో ప్లీడరుగా ఉండేవాడు. సారా కథల్లో పోలీసు, కోర్టు, సారా వ్యాపారం ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో మన యాసలోనే వినిపిస్తాడు. ఆ విస్తృతి ఈ నవల్లో ఏదీ? భయం ఒకేచోట గింగిరాలు కొడుతుంది. సుబ్బయ్య మనసుపడ్డ మనోరమ కూడా అతనికి అద్దంలా మిగిలిపోయింది తప్ప, ఆవిడకంటూ లోపలి జీవితం చాల్లేదు.

మహారాణిపేట: మనోరమ సంగతి నిజమే, ఒప్పుకుంటాను. భయం మాత్రం ఒకేచోట తిరగదు. ఇంట్లో భార్య సావిత్రి ముందు ఒకలా, గవరయ్య ముందు ఇంకోలా ఉంటుంది. గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’ పక్కన పెట్టి చూడండి. అక్కడ సీతారామారావుని కూల్చేది వంశప్రతిష్ఠ బరువు, తెగని తర్కం. సుబ్బయ్యకి అంత గర్వపడే వంశమూ లేదు, అంత వాదించే ఓపికా లేదు. అతని పిరికితనానికి లెక్క రూపాయల్లో ఉంటుంది. ఆ తేడా తెలిశాకే సారా కథల్లో డబ్బు చేసే పని పూర్తిగా అర్థమవుతుంది.

సీతమ్మధార: ఇంకో మాట. రావిశాస్త్రి నవలల్లో ‘రాజు-మహిషి’, ‘రత్తాలు-రాంబాబు’ రెండూ అసంపూర్ణాలు. కూటంలో ముగింపు గురించి మాట్లాడుకోవాలంటే పూర్తయిన నవల కావాలి. జేమ్స్ జాయిస్, చైతన్య స్రవంతి (మనసులో ఆలోచనలు పారినట్టే రాసే పద్ధతి) అంటూ మొదటి రోజే ఎత్తుకోకండి, కొత్తవాళ్లు బెదిరిపోతారు. ఒక పేజీ పైకి చదివించండి చాలు. ముద్రణలు వేరైతే పేజీ నంబర్లు కలవవు, సన్నివేశం పేరు చెప్పి గుర్తు పెట్టుకోండి.

పెదవాల్తేరు: పూర్తయిన నవల అన్నమాట బాగుంది, కాదనలేను. అయితే రెండో వారం ఒక సారా కథైనా పైకి చదవాలి. యాస వినకుండా రావిశాస్త్రి అయిపోయాడనుకుంటే అన్యాయం.

ద్వారకానగర్: సరేనండీ. మొదటి వారం ‘అల్పజీవి’ సగం, రెండో వారం మిగతా సగంతో పాటు ఒక సారా కథ. పెన్సిళ్లు మర్చిపోకండి.