రాష్ట్రపతికి రెండుసార్లే అని ఎక్కడుంది?

క్లాక్‌టవర్ చాయ్ (నల్లగొండ):
అన్నలూ అక్కలూ, గ్రూప్-2కి చదువుతున్నా. నిన్న మాక్ టెస్టులో భారత రాష్ట్రపతి గరిష్ఠంగా ఎన్నిసార్లు ఎన్నిక కావచ్చు అని వచ్చింది. నేను ఏం ఆలోచించకుండా రెండుసార్లు అని బబుల్ నింపేశా. కీ చూస్తే పరిమితి లేదట. క్లాసులో రాసుకున్న నోట్సు తీస్తే నా చేతిరాతతోనే "2 సార్లు" అని, కింద రెండు గీతలు కొట్టి మరీ ఉంది. సార్‌ని అడిగితే అమెరికాతో కలిపి రాసుకుని ఉంటావ్ పో అన్నారు. సరే, తప్పు నాదే అనుకుందాం. మరి అమెరికాకు ఆ లిమిట్ మొదటినుంచీ ఉందా? రూజ్‌వెల్ట్ నాలుగుసార్లు గెలిచిండు అని మా రూమ్మేట్ అంటున్నాడు, లిమిట్ ఉంటే ఎట్లా గెలుస్తాడు? మనకెందుకు పెట్టలేదు?

సోషల్ మాస్టారు (మిర్యాలగూడ, రిటైర్డ్):
మీ రూమ్మేట్ చెప్పింది నిజమే బాబూ. మొదట్లో లిమిట్ లేదు. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసేటప్పుడు ఏడేళ్లు, ఒక్కసారే అన్న ప్రతిపాదన కూడా నలిగింది, చివరికి నాలుగేళ్లని రాసి, ఎన్నిసార్లు అన్నది వదిలేశారు. ఆ సభలో ఉన్న హామిల్టన్ అయితే లిమిట్ వద్దనే వాదించాడు, మళ్లీ రాలేనని తెలిసినవాడు దిగేలోపు దొరికింది సర్దుకుంటాడని ఆయన భయం. మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ రెండుసార్లు చేసి 1797లో ఇంటికి పోయాడు. అదేదో గొప్ప సిద్ధాంతం కోసమని నేనూ ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను గానీ, నిజానికి వయసు మీదపడి, పత్రికల తిట్లకు విసిగిపోయిన మనిషాయన. దాన్ని సూత్రంగా పట్టుకున్నది తర్వాత అధ్యక్షుడైన జెఫర్సన్. అప్పటికే రెండుసార్లు అధ్యక్షుడిగా చేసిన గ్రాంట్ 1880లో మూడోసారికి ప్రయత్నిస్తే సొంత పార్టీయే టికెట్ ఇవ్వలేదు.

ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1932, 36, 40, 44లో గెలిచాడు. 1940లో ఫ్రాన్స్ హిట్లర్ చేతిలో పడింది, అటువంటప్పుడు మనిషిని మార్చడమెందుకని జనం అనుకున్నారు. 1945 ఏప్రిల్లో పదవిలో ఉండగానే పోయాడు. 1946 ఎన్నికల్లో రెండు సభలూ రిపబ్లికన్లకు దక్కాయి, వాళ్లు కూర్చున్న మూడో నెలలోనే, 1947 మార్చిలో, రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదనే 22వ సవరణ పాస్ చేశారు. రాష్ట్రాల ఆమోదం పూర్తయ్యేసరికి 1951 ఫిబ్రవరి 27 అయింది. బతికున్నప్పుడు ఓడించలేనివాణ్ని పోయాక ఓడించారని నేనంటాను. తమాషా ఏంటంటే ఆ రూలు మొదట పట్టుకున్నది వాళ్ల సొంత పార్టీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌నే.

దేవరకొండ టు డాలస్:
మాస్టారూ, ఒక చిన్న విషయం కలుపుతా. ఆ సవరణలో రెండుసార్లకు మించి "ఎన్నిక" కాకూడదు అనే ఉంది, ఎనిమిదేళ్లు అని లేదు. అధ్యక్షుడు మధ్యలో పోతే ఉపాధ్యక్షుడు ఎక్కుతాడు కదా, అలా రెండేళ్లకు మించి చేస్తే ఆ తర్వాత ఒక్కసారే గెలవచ్చు, రెండేళ్లు లేదా అంతకంటే తక్కువ చేస్తే రెండుసార్లు గెలవచ్చు, అంటే ఆ దారిలో పదేళ్ల దాకా పోతుంది. పరీక్షలో ఇట్లాంటి మెలికే పెడతారు. అప్పటికే కుర్చీలో ఉన్న ట్రూమన్‌కు మాత్రం అది వర్తించదని అందులోనే రాశారు.

పాలమూరు బస్సు:
చట్టంలో లిమిట్ రాస్తే సరిపోతుందా అన్నా. మా ఊళ్లో సర్పంచ్‌కి అసలు లిమిట్ లేదు, కానీ సీటు మహిళకు రిజర్వ్ అయింది, పాత సర్పంచ్ భార్యను నిలబెట్టిండు. గెలిచిందామె. పంచాయతీ ఆఫీసులో అదే ప్లాస్టిక్ కుర్చీ, అదే మనిషి, ఆమె సంతకానికి మాత్రం ఫైలు ఇంటికి పోతది. రష్యాలో 2008లో పుతిన్ చేసింది ఇంచుమించు ఇదే, వరుసగా రెండుసార్లు అయిపోయాయని మెద్వెదేవ్‌ను కూర్చోబెట్టి తను ప్రధాని అయిండు, 2012లో మళ్లీ వచ్చిండు, 2020లో రాజ్యాంగం మార్చి పాత లెక్క సున్నా చేయించుకున్నడు. చైనా 2018లో ఆ రెండుసార్ల లైనే తీసేసింది. శ్రీలంక 2010లో తీసేసి 2015లో మళ్లీ పెట్టుకుంది, మధ్యలో రాజపక్స ఓడిపోయాడు కాబట్టి.

దేవరకొండ టు డాలస్:
అన్నిచోట్లా అట్లనే కాదన్నా. మెక్సికో చూడు. ఏళ్ల తరబడి పాతుకుపోయిన అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్‌ను 1911లో దింపింది "మళ్లీ ఎన్నిక వద్దు" అనే నినాదంతోనే. తర్వాత మాజీ అధ్యక్షుడు ఒబ్రెగాన్ కోసం రూలు సడలించారు, 1928లో గెలిచాడు గానీ ప్రమాణం చేయకముందే కాల్చి చంపారు. 1933లో మళ్లీ గట్టిగా బిగించారు, ఇప్పటికీ ఆరేళ్లు, ఒక్కసారే.

సోషల్ మాస్టారు:
మనకెందుకు లేదన్నది మిగిలిపోయింది. ఆర్టికల్ 57 చదువు, చేసినవాళ్లు మళ్లీ పోటీ చేయొచ్చనే ఉంది. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీద నడుస్తాడు, ఆ కుర్చీకి తాళం వేయాల్సినంత భయం లేదు. రాజేంద్రప్రసాద్ ఒక్కరే 1952లో, 57లో రెండుసార్లు గెలిచారు, అంతకుముందు 1950లో రాజ్యాంగ సభ ఎన్నుకున్నది వేరే. నన్నడిగితే ఈ ప్రశ్న ప్రధాని కుర్చీ గురించి అడగాలి. నెహ్రూ దాదాపు 17 ఏళ్లు ఉన్నారు. ఐతే అక్కడ లోక్‌సభ ఎప్పుడైనా దింపొచ్చు కదా అంటారు.

క్లాక్‌టవర్ చాయ్:
థాంక్స్ మాస్టారూ, నోట్సులో ఆ రెండు గీతలు కొట్టేసి ఆర్టికల్ 57 అని రాసుకున్నా. ఉపరాష్ట్రపతికి కూడా లిమిట్ లేదా?

పాలమూరు బస్సు:
లేదు తమ్మీ. రాధాకృష్ణన్, హమీద్ అన్సారీ ఇద్దరూ రెండేసిసార్లు. ఇది గూడ రాసుకో, అడుగుతరు.