నడిసముద్రం చేపలో కెమికల్స్ ఉండవా?

రాయపురం కోడలు:
అందరికీ నమస్కారం. మాది కావలి, పెళ్లయి చెన్నై వచ్చాను. ఆదివారం వచ్చిందంటే ఇంట్లోకి కాసిమేడు చేపలు రావాల్సిందే. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వరదలో ఎన్నూరు క్రీక్‌లోకి ఆయిల్ వచ్చి చేరినప్పటి నుంచీ మా అత్తగారు ప్రతి చేపనూ వాసన చూసి గానీ వంటింట్లోకి రానివ్వరు. చేపలు అమ్మే ఆమేమో "ఇది ఎన్నూరు సరుకు కాదమ్మా, డీప్ సీ వంజరం, నడిసముద్రంలో పట్టింది" అని కిలోకి వంద ఎక్కువే గుంజుతుంది. నా డౌట్ ఏంటంటే, ఫ్యాక్టరీల కెమికల్స్ ఒడ్డు దగ్గరే ఉండిపోతాయా? అంత లోతుకి పోవు కదా? మా ఆడపడుచుకి ఐదో నెల, అందుకే కొంచెం టెన్షన్.

పెరంబూర్ సుబ్బు:
అక్కా, సముద్రం ముందు ఈ ఫ్యాక్టరీలెంత? కలిసిందల్లా పలచబడిపోతుంది. ఒడ్డు చేప మానేసి లోపలిది హాయిగా తినండి. మరీ గూగుల్ చేస్తూ కూర్చుంటే ఉప్పు కూడా తినలేం.

అంబత్తూరు ఆయిల్ మేస్త్రి:
సుబ్బూ, పలచబడేవి ఉన్నాయి, కాదనను. కానీ కొన్ని సరుకులకి నీళ్లంటే పడదు, కొవ్వంటే ప్రాణం. తంటా అక్కడే.

నేను అంబత్తూరు ఎస్టేట్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు రిపేరు చేసే షెడ్డులో పనిచేసి రిటైరయ్యాను. ఫారిన్ నుంచి దిగిన పాత ట్రాన్స్‌ఫార్మరో కెపాసిటరో వస్తే, మూత జోలికి వెళ్లకముందే నేమ్‌ప్లేట్ తుడిచి చదివేవాళ్లం. ఆస్కరెల్, పైరనాల్, క్లోఫెన్... ఏ పేరు కనిపించినా లోపల ఉన్నది పీసీబీ, అంటే క్లోరిన్ కలిపి తయారుచేసిన నూనెలాంటి విషపు కెమికల్. నేమ్‌ప్లేట్ ఊడిపోయి ఉంటే మా ఫోర్‌మన్ గ్లాసుడు నీళ్లలో రెండు చుక్కలు వేసి చూసేవాడు. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ అయితే పైన తేలుతుంది. ఇది గుండ్రంగా చుట్టుకుని తిన్నగా అడుక్కి పోయి కూర్చుంటుంది. ఇక ఆ పీస్ దగ్గరికి గ్లవ్స్ లేకుండా ఎవరూ వచ్చేవారు కాదు.

ఈ పీసీబీకి సులువుగా నిప్పంటుకోదు, ఏళ్ల తరబడి వేడెక్కినా పాడవదు. అందుకే 1929 నుంచి ప్రపంచమంతా ఎగబడి వాడింది, 13 లక్షల టన్నుల దాకా తయారైంది. 1968లో జపాన్‌లో తవుడు నూనెలో ఇది లీకై వేలమంది జబ్బుపడ్డారు. అమెరికా 1979లో తయారీ నిషేధించింది. ఈలోపు బయటికి పోయింది పోనే పోయింది.

గ్లాసులో మునిగింది కదా అని సముద్రంలోనూ బరువుకే దిగిపోతుందనుకోకండి. గాలిలో ఆవిరిగా, నీళ్లలో మట్టి రేణువులకి అంటుకుని దేశాలు దాటుతుంది. సముద్రం పైపొరలో చచ్చిన నాచు, చిన్న జీవాల మలం, చేపల కళేబరాలు రాత్రీపగలూ కిందికి రాలుతూనే ఉంటాయి. వాటిని పట్టుకుని దిగుతుంది. అడుగున ఎండ ఉండదు, ఒకటే చలి, విరిగిపోయే దారి లేదు. రాలినదాన్ని తిని బతికే జీవాల కొవ్వులో పోగవుతుంది.

సముద్ర జీవశాస్త్రవేత్త ఆలన్ జేమీసన్ బృందం పసిఫిక్‌లో మరియానా, కెర్మాడెక్ అగాధాల్లోకి ఎర పెట్టిన బోనులు దించింది. 7 వేల నుంచి 10 వేల మీటర్ల లోతు. దొరికినవి యాంఫిపాడ్లు, రొయ్యకి దూరపు చుట్టాలు. అన్నింటిలోనూ పీసీబీ ఉందని 2017లో బయటపెట్టారు. చైనాలో బాగా పాడైన లియావోహె నది నీళ్లు పారే పొలాల్లోని పీతలతో పోలిస్తే, మరియానా జీవాల్లో గరిష్ఠంగా 50 రెట్లు. ఆ చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్ షెడ్డు ఉందా చెప్పు సుబ్బూ?

పెరంబూర్ సుబ్బు:
బాబాయ్, ఒప్పుకున్నా. వంజరం సంగతి తేల్చండి, అక్క అడిగింది అది.

కెమిస్ట్రీ టీచర్, అడయార్:
అది నేను చెప్తాను. అమ్మే ఆమె చెప్పే డీప్ సీ అంటే దూరం, లోతు కాదు. వంజరం తిరిగేది పైనీళ్లలోనే. కాబట్టి అగాధాల కథ మీ పులుసులోకి రాదు. గర్భిణికి చూడాల్సింది పాదరసం. బొగ్గు కాల్చినా, బంగారం గనుల నుంచైనా గాలిలోకి లేచి సముద్రంలో పడుతుంది, చిన్న చేపను పెద్దది తినేకొద్దీ పేరుకుంటుంది. అమెరికాలో ఎఫ్‌డీఏ గర్భిణులకి సొర, కింగ్ మాకరెల్ వద్దంటుంది. మన వంజరం ఆ కింగ్ మాకరెల్‌కి దగ్గరి జాతే. ఈ కొన్ని నెలలూ నెత్తళ్లు, కవళ్లు వండండి, చవక కూడా. ఎన్ని రోజులకోసారి అన్నది డాక్టర్‌ని అడగండి.

మేస్త్రి గారి మాటకి ఒకటి కలుపుతాను. గాలీ నీరూ మోసుకెళ్లాలని కూడా లేదు, మనుషులే తీసుకెళ్లి పోశారు. లాస్ ఏంజెలెస్ ఎదుట, దాదాపు 900 మీటర్ల లోతున డీడీటీ పురుగుమందు తయారీ వ్యర్థం ఇంకా ఉంది. పీపాల్లో పెట్టి పడేశారని అందరూ అనుకున్నారు. పాత రికార్డులు తిరగేస్తే, ట్యాంకుల బార్జీల నుంచి నేరుగా సముద్రంలోకి వదిలారని తేలింది. అడుగు బురదలో డీడీటీ నేటికీ దొరుకుతోంది.

గిండీ మెయింటెనెన్స్:
మేస్త్రి గారూ, మా యూనిట్ వెనక రేకుల షెడ్డులో 70ల నాటి ఇంపోర్టెడ్ కెపాసిటర్లు పడున్నాయి. స్క్రాప్ వాడు రేపు వస్తానన్నాడు. ఇచ్చేయొచ్చా?

అంబత్తూరు ఆయిల్ మేస్త్రి:
అస్సలు ఇవ్వకండి. వాడికి కావాల్సింది రాగి, అల్యూమినియం. ఆయిల్ కాలవలో పోసేస్తాడు, వానకి అడయారు నదిలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి. 2016 నాటి కేంద్రం ఆర్డరు ప్రకారం మన దేశంలో పీసీబీ వాడకానికి గడువు 2025 డిసెంబరు 31. నేమ్‌ప్లేట్ల ఫోటోలు తీసి పొల్యూషన్ బోర్డుకి రాయండి. వాళ్లు కదిలేదాకా విప్పకుండా, కింద ఇనుప ట్రే పెట్టి, వాన పడని చోట ఉంచండి. కారుతున్నది ఉంటే రంపపు పొట్టు చల్లి, ఆ పొట్టునీ విడిగా డ్రమ్ములో మూసి పెట్టండి, కాల్చొద్దు. ల్యాబ్ టెస్టులో 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50) దాటితే దాన్ని పీసీబీ సరుకుగానే చూడాలి. ముందు ఆ స్క్రాప్ వాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పండి.