లీడ్‌కి లేయర్లు వేయాలా, ఒక్క సింథ్‌నే చెక్కుకోవాలా?

యూసుఫ్‌గూడ బీట్
బోనాల కోసం ఒక ట్రాక్ చేస్తున్నాను. తీన్‌మార్ దరువు, దాని మీద లీడ్, అంటే ప్రధాన మెలొడీ. వైటల్ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లో ఆ మెలొడీకే ఐదు శబ్దాలు ఒకదాని మీద ఒకటి లేయర్లుగా వేశాను: రెండు సూపర్‌సాలు, ఒక స్క్వేర్ వేవ్, తీగ మీటినట్టు పలికే ఒక ప్లక్, పైన హుష్‌మనే నాయిస్. హెడ్‌ఫోన్స్‌లో ఎంతో బాగుంది. నిన్న మా గల్లీలో డీజే బాక్సులు పెట్టే అన్న దగ్గర వేసి చూస్తే లీడ్ ముద్దగా అయిపోయి డప్పు వెనక్కి పోయింది. రెండు రాత్రులు ఈక్యూతో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినిపించాలో సర్దేది) కుస్తీ పట్టినా లాభం లేదు. లేయర్లు ఉంచే బాగు చేయొచ్చా, మళ్ళీ మొదటి నుంచి చేయాలా?

పాత రీడ్
మళ్ళీ మొదలుపెట్టు తమ్ముడూ. 1996లో రోలాండ్ జేపీ-8000తో వచ్చిన సూపర్‌సా అంటేనే ఏడు సాటూత్‌లను (రంపపు పళ్ళ ఆకారంలో ఉండే సా వేవ్‌లను) కొద్దికొద్దిగా శ్రుతి తప్పించి కలపడం. నువ్వు అలాంటివి రెండు పెట్టి, పైన ఇంకో మూడు వేశావు. అన్నీ ఒకే స్థాయిలో (ఆక్టేవ్‌లో) అదే స్వరం పలుకుతుంటే ఈక్యూ దేన్నని విడదీస్తుంది? ఒక్క సా వేవ్ తీసుకుని ఫిల్టర్, ఎన్వలప్ (స్వరం ఎలా లేచి ఎలా తగ్గాలో చెప్పేది) మీద ఒక రోజంతా కూర్చో.

నాచారం నాబ్
అన్నా, ఈ మాట నేను ఒప్పుకోను. మన పద్య నాటకాల హార్మోనియం తీసుకోండి. బాస్, మేల్ అని రెండు వరుసల రీడ్లు ఉంటాయి, ఒకదానికన్నా ఒకటి స్థాయి కింద. ఒక మెట్టు నొక్కితే రెండూ పలుకుతాయి. అది లేయరింగ్ కాక మరేమిటి? రెండూ వేర్వేరు స్థాయిల్లో ఉన్నాయి కాబట్టే ముద్ద అవ్వదు.

తమ్ముడూ, ఒక్కో లేయర్‌కి ఒక్క పనే ఇవ్వు. మెలొడీ మోయడానికి ఒక సా చాలు, యూనిసన్ (అదే స్వరానికి కాపీలు) లేకుండా, సరిగ్గా మధ్యలో. స్వరం మొదట్లో దెబ్బ వినిపించడానికి ప్లక్. దాని ఫేజ్ రాండమ్‌ని (తరంగం మొదలయ్యే చోటుని మార్చేదాన్ని) సున్నా చెయ్యి, లేకపోతే ఒక్కో స్వరం ఒక్కో రకంగా మొదలవుతుంది. సూపర్‌సా ఒకటి ఉంచుకో, కానీ 2 కిలోహెర్ట్జ్ కింద అంతా కోసెయ్. వెడల్పు దానికి మాత్రమే. స్క్వేర్ ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

వెడల్పు కోసం కుడి వైపు డిలే (కాస్త ఆలస్యం) పెట్టావా?

యూసుఫ్‌గూడ బీట్
అవునక్కా, స్క్వేర్ మీద 10 మిల్లీసెకన్లు.

నాచారం నాబ్
దొరికింది. ఆ బాక్సులకు చాలాసార్లు మోనోనే, అంటే కుడి ఎడమలు కలిపిన ఒకే సిగ్నల్ వెళ్తుంది. 10 మిల్లీసెకన్ల తేడాతో ఉన్న రెండు వైపులూ కలిస్తే 50, 150, 250, 350 హెర్ట్జ్ అలా పైదాకా వరుసగా ధ్వని తగ్గిపోయే గుంటలు పడతాయి. మెలొడీ కదిలే కొద్దీ కొన్ని స్వరాలు మాయమవుతాయి. మాస్టర్‌ని (చివరి అవుట్‌పుట్‌ని) మోనోలో పెట్టుకునే లేయర్లు వేయడం అలవాటు చేసుకో.

కోఠి కేబుల్
అందరూ వదిలేసినది ఒకటి చెప్తా. ఐదింటినీ కలిపి, ధ్వనిని గరుకు చేసే ఒకే డిస్టార్షన్ గుండా పంపావా? పంపితే లేయర్ల మధ్య ఉన్న శ్రుతి తేడాల నుంచి మెలొడీలో లేని కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. వాటిని ఈక్యూ తీయలేదు. మధ్యలో ఉన్న సాకి మాత్రమే విడిగా డిస్టార్షన్ ఇచ్చి, ఆ తర్వాత మిగతావి కలుపు.

పాత రీడ్
మోనో సంగతి, డిస్టార్షన్ సంగతి ఒప్పుకుంటాను. సూపర్‌సా సంగతి మాత్రం ఒప్పుకోను. 440 హెర్ట్జ్ దగ్గర 10 సెంట్ల (సెమీటోన్‌లో పదో వంతు) తేడా పెడితే సెకనుకు దాదాపు రెండున్నర సార్లు ధ్వని ఊగుతుంది. పై స్థాయిలో అదే తేడా ఐదు సార్లు ఊపుతుంది. ట్రాన్స్ అనే డ్యాన్స్ సంగీతంలో స్వరం నిలబడి ఉంటుంది కాబట్టి ఆ ఊపు అందం. మన జానపద మెలొడీలో స్వరం నిలబడదు, జారుతుంది. ఆ జారుడులోనే పాట ప్రాణం ఉంది. దాని మీద ఇంకో ఊపు పడితే గమకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెవికి అందదు. కింద కోసినంత మాత్రాన ఇది పోదక్కా, పైన ఇంకా వేగంగా ఊగుతుంది.

నాచారం నాబ్
అలాగైతే డిట్యూన్ (ఆ శ్రుతి తేడా) తగ్గించాలి, లేయర్ తీసేయనక్కర్లేదు. ఆ మెరుపు లేకపోతే అంత డప్పు మధ్యలో లీడ్ సన్నగా వినిపిస్తుంది.

యూసుఫ్‌గూడ బీట్
డిలే తీసేశాను, స్క్వేర్ తీసేశాను, డిస్టార్షన్ ఒక్క సా మీదే పెట్టాను. మోనోలో మెలొడీ ముందుకొచ్చింది. జారుడు అనగానే ఇంకోటి వెతికాను: ప్లక్‌లో పిచ్ బెండ్ రేంజ్ (వీల్ తిప్పితే శ్రుతి ఎంత జారాలో) 2 సెమీటోన్లు, మిగతా వాటిలో 12. నేను వీల్ తిప్పిన ప్రతిసారీ ఒకటి ఒక చోట, మిగతావి ఇంకో చోట ఆగుతున్నాయి. ఇన్నాళ్ళూ దీన్ని ఈక్యూతో సరిచేయాలని చూశాను.

సూపర్‌సా ఉంచి ఒకటి, తీసేసి ఒకటి రెండర్ చేస్తున్నాను. రేపు సాయంత్రం రెండూ అవే బాక్సుల మీద, డప్పుతో కలిపి వేసి వింటాను.

పాత రీడ్
రెండింటి వాల్యూమ్ సమానం చేసి విను తమ్ముడూ. గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది.