కార్పొరేట్ సొమ్ము ఆగింది, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర చందా అడగడం సబబేనా?

మూసీవొడ్డు:
మా సంస్థ పేరు ఇక్కడ రాయను, తెలిసినవాళ్ళకి తెలుసు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి బయటా, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి బయటా రాత్రిపూట పేషెంట్ల తాలూకు వాళ్ళకి అన్నం పెడతాం. బిడ్డ దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు, వెంట వచ్చిన మిగతావాళ్ళంతా ఫుట్‌పాత్ మీదే. నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) పెట్టే అయిదు రూపాయల భోజనం మధ్యాహ్నం దొరికినా, రాత్రికి చాలామంది పస్తే. దీంతోపాటు పిల్లల ఫీజులకి ఒక చిన్న నిధి కూడా నడుపుతాం.

ఇన్నాళ్ళూ ఖర్చులో సగానికి పైగా ఒక ఐటీ కంపెనీ భరించింది. ఈ ఏడాది పరిస్థితి బాలేదని ఆపేసింది. ఇప్పుడు కమిటీలో అనుకుంటున్నది ఇది: మియాపూర్, కూకట్‌పల్లి, నల్లగండ్ల వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో ఆదివారాలు మా వాలంటీర్లు టేబుల్ వేసుకుని కూర్చుంటారు. ఫ్లాటుకి నెలకి 200 అడుగుతాం. నెక్లెస్ రోడ్డు మీద ఎంట్రీ ఫీజుతో ఒక నడక కూడా పెడతాం. ఉద్యోగాలు పోతున్న రోజుల్లో ఇలా అడగొచ్చా? మొహమాటం లేకుండా చెప్పండి.

చిక్కడపల్లి_చిన్నోడు:
మాంద్యం ఏడున్నదన్నా? 2025ల బండ్లగూడ జాగీర్ విల్లాలల్ల గణపతి లడ్డూ 2.32 కోట్లు పలికింది. బాలాపూర్ లడ్డూ 1994ల 450 రూపాయలకు పాడిండ్రు, 2025ల 35 లక్షలు. ఈ పట్నంల పైసలకు కరువు లేదు. పోయి అడగుండ్రి, ఇస్తరు.

నైట్‌షిఫ్ట్:
లడ్డూ వేలం చూసి ఊరంతా పచ్చగా ఉందనుకుంటే ఎలా భాయ్? మా టవర్‌లో కొందరు పిల్లల్ని స్కూలు మార్పించేశారు. మెయింటెనెన్స్ బాకీ ఉన్న ఫ్లాట్ల నంబర్లు లిఫ్ట్ పక్కన అంటిస్తున్నారు. అలాంటి చోట ఆదివారం పొద్దున్నే టేబుల్ వేసుకుని కూర్చుంటే, ఎవరు ఇచ్చారో ఎవరు తలొంచుకుని వెళ్ళిపోయారో అందరికీ తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో అడగండి. గేటు దగ్గర వద్దు.

రిటైర్డ్_ఆడిటర్:
అసలు సంగతి ఎవరూ ముట్టుకోవడం లేదు. ఆ టేబుల్ దగ్గర నగదు తీసుకుంటారా, తీసుకోరా? నగదుగా 2000 దాటి ఇస్తే దాతకి విరాళాల మీద పన్ను మినహాయింపు (అందరూ 80జి అనేది) వర్తించదు. రసీదు పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది? దాతల పాన్ నంబర్లు ఎవరు రాసుకుంటారు? ఏడాది ముగిశాక ఆ వివరాలన్నీ ఆదాయపు పన్ను శాఖకి దాఖలు చేసి, ఒక్కొక్కరికీ విరాళం సర్టిఫికెట్ ఇవ్వాలి. మే 31 దాటితే రోజుకి 200 చొప్పున రుసుం పడుతుంది.

ఇంకో ముక్క. కొత్త పన్ను విధానంలో 80జి లేనే లేదు. జీతగాళ్ళు చాలామంది ఇప్పుడు అందులోనే ఉన్నారు. కనుక ‘మీకూ పన్ను కలిసొస్తుంది’ అని బ్యానర్ మీద రాయించకండి. వచ్చినవాడు ఫిబ్రవరిలో తన ఆఫీసు వాళ్ళని అడిగి, లేదనిపించుకుని, మిమ్మల్ని తిడతాడు.

బోడుప్పల్_అత్తమ్మ:
రెండు వందలిచ్చేవాళ్ళు పాన్ కార్డు పట్టుకుని కిందికి దిగుతారా సార్?

రిటైర్డ్_ఆడిటర్:
దిగాలి.

టీకప్పు:
ఆ కంపెనీ చెప్పిన సాకు నాకు మింగుడు పడటం లేదు. సీఎస్ఆర్ అంటే పెద్ద కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన సొమ్ము, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం. 2013 కంపెనీల చట్టం, సెక్షన్ 135. ఈ ఏడాది లాభం పడిపోయినా ఆ దెబ్బ సీఎస్ఆర్‌కి ఒక్కసారిగా తగలదు, మూడేళ్ళ మీద సర్దుకుంటుంది. ఠక్కున ఆపేశారంటే డబ్బు లేక కాదు, ఇంకెక్కడికో మళ్ళించారు. అపార్ట్‌మెంట్ గేట్ల కంటే ముందు వాళ్ళ ఆఫీసు గేటు దగ్గరికి వెళ్ళండి.

మూసీవొడ్డు:
వెళ్ళాం టీకప్పు గారూ, మీరనుకున్నదే. సొంత ఫౌండేషన్ పెట్టుకున్నారు. ఇకమీదట బడుల్లో కంప్యూటర్ ల్యాబులే అన్నారు. రాత్రి తొమ్మిదింటికి ఫుట్‌పాత్ మీద అన్నం వడ్డిస్తే ఫొటో సరిగ్గా పడదు కదా, ల్యాబులో అయితే రిబ్బన్ కత్తిరించొచ్చు. ఇది వాళ్ళన్న మాట కాదు, నాకర్థమైంది.

ఒక్కరి మీద ఆధారపడితే ఏమవుతుందో ఈ ఊళ్ళో ఇంతకుముందే చూశాం. 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజుగారి చొరవతో ఇక్కడే మొదలయ్యాయి. 2009 జనవరి 7న కంపెనీ లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ ఆయన రాసిన లేఖ బయటపడ్డాక, ఫోన్ చేస్తే బండి వస్తుందా రాదా అని జనం భయపడ్డారు. చివరికి జీవీకే తీసుకుంది. మాలాంటి చిన్న సంస్థని ఏ జీవీకే తీసుకోదు. వెయ్యి గడపలు తలా కాస్త ఇస్తే, వాటిలో రెండొందల గడపలు మానేసినా పొయ్యి వెలుగుతుంది. గేట్ల దగ్గరికి పోదామన్నది అందుకే.

టీకప్పు:
108తో పోల్చడం కుదరదు. దాన్ని నడిపే ఖర్చులో అప్పటికే ఎక్కువ భాగం ప్రభుత్వానిది. అందుకే నిలబడింది, జీవీకే దయవల్ల కాదు. దాన్నిబట్టి చూసినా మీరు పోవాల్సింది గేట్ల దగ్గరికి కాదు, జీహెచ్ఎంసీ దగ్గరికి. అయిదు రూపాయల భోజనం ఆసుపత్రుల దగ్గర రాత్రికీ అందరికీ అందేలా పెట్టమని అడగండి.

మూసీవొడ్డు:
అడుగుతూనే ఉన్నాం. వాళ్ళు పెట్టేదాకా ఈ రాత్రి వచ్చినవాళ్ళకి ఏం చెప్పమంటారు?

నైట్‌షిఫ్ట్:
నేనడిగింది గేటు గురించి. 108 చరిత్ర ఎందుకు మధ్యలో?

ఎస్ఆర్‌నగర్_హాస్టల్:
అన్నా, నా దగ్గర పైసల్లేవు, టైముంది. అమీర్‌పేటలో కోర్సు అయిపోయింది, ఇంటర్వ్యూలు రావట్లేదు. వడ్డించడానికి రావచ్చా?

మూసీవొడ్డు:
రా తమ్ముడూ. కానీ ఉన్నమాట చెప్తాను. చేతులకి ఇప్పుడు కొరత లేదు. నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్ళు, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నవాళ్ళు, ఇంట్లో కూర్చోలేనివాళ్ళు, అందరూ వస్తున్నారు. మంచిదే. అయితే అందరికీ గరిటె కావాలి. పది దాటాక పెద్ద గిన్నెలు తోమడానికి మాత్రం పాతవాళ్ళం నలుగురమే మిగులుతాం. నువ్వు సాయంత్రం నాలుగింటికి ఉల్లిపాయలు కోయడానికి రాగలిగితే చాలా మేలు చేసినవాడివవుతావు. మనుషులు పెరిగి సరుకులు తగ్గిన రోజులివి.

చిక్కడపల్లి_చిన్నోడు:
నెక్లెస్ రోడ్ నడకకు టీ షర్ట్ ఇస్తరా?

బోడుప్పల్_అత్తమ్మ:
ఆ నడక మానేయండి బాబూ. టీ షర్టు, మెడల్స్, నీళ్ళ సీసాలు, మైకు సెట్టు, వేదిక, వాటికి పోగా మిగిలేదెంత? పైగా పొద్దున్నే నడిచి ఇంటికెళ్ళి దోసెలు తిని, మేమేదో సేవ చేశామనుకుంటారు.

నా సంగతి చెప్తాను. 2020 లాక్‌డౌన్‌లో మేడ్చల్ రోడ్డు మీద కాలినడకన పోతున్న వలస కూలీలని టీవీలో చూసి ఉండబట్టలేక ఒక సంస్థకి డబ్బు పంపాను. పేరు అనవసరం. రసీదు ఇవ్వలేదు సరికదా, ఆ నంబరు ఎవరెవరికి ఇచ్చారో, ఇప్పటికీ వారానికోసారి ఏదో ఒక అనాథాశ్రమం పేరు చెప్పి ఫోన్ వస్తుంది. వద్దంటే ‘మీకు పిల్లలు లేరా మేడం’ అంటుంది ఆ అమ్మాయి. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, వస్తువే ఇస్తాను, డబ్బు ఇవ్వనని. మీరు కూడా ఇంటికి కిలో బియ్యం, పావుకిలో పప్పు అడగండి. డబ్బడిగితే తలుపేసుకునేవాళ్ళు బియ్యమడిగితే కాదనరు.

చిక్కడపల్లి_చిన్నోడు:
అత్తమ్మా, 2025 ఉగాది సంది రేషన్ల సన్నబియ్యమే ఇస్తున్నరు, మనిషికి 6 కిలోలు. మిగిలినోళ్ళు గవే తెచ్చిస్తరు.

రిటైర్డ్_ఆడిటర్:
రేషన్ బియ్యం పొరపాటున కూడా తీసుకోకండి. ఎవరో ఫిర్యాదు చేస్తారు, వంటశాలలో బస్తాలు దొరికాయని కేసవుతుంది. నగదు సంగతి మీరింకా చెప్పలేదు.

మూసీవొడ్డు:
బియ్యం ఇస్తే కాదనం. కానీ గ్యాసు, నూనె, వంటమనిషి జీతం, ఆటో కిరాయి, ఇవి బియ్యంతో తీరవు కదమ్మా. ఆన్‌లైన్ అంటున్నవాళ్ళకి కూడా ఒక మాట. మిలాప్, కెట్టో లాంటి విరాళాల వెబ్‌సైట్లలో పసిబిడ్డ ఆపరేషన్ అంటే డబ్బు వస్తుంది. రోజూ వండే పప్పన్నానికి ఎవరి కళ్ళూ తడవవు. అక్కడ పెట్టి చూశాం.

నైట్‌షిఫ్ట్, నువ్వెవరో నాకు తెలుసు. నాలుగేళ్ళు మాతో కలిసి వడ్డించావు. ఇప్పుడు మొదటి నుంచీ గేటు, గేటు అని అడ్డం పడుతున్నావు. నీకు టేబుల్ దగ్గర కూర్చోవడం నామోషీ అయితే కూర్చోకు. వచ్చేవాళ్ళని ఆపకు. చల్లగా ఫ్లాటులో కూర్చుని ఫుట్‌పాత్ గురించి తీర్పులు చెప్పడం తేలిక.

నైట్‌షిఫ్ట్:
నామోషీ. సరే. పేరు చెప్పకుండా ఉందామనుకున్నాను, మీరే కదిపారు కాబట్టి వినండి.

నా ఉద్యోగం పోయింది. మీ ఫీజుల నిధికి మా పాప గురించి దరఖాస్తు పెట్టాను. ఊరికే ఇమ్మనలేదు, ఒక్క టర్ము ఫీజు సర్దితే ఉద్యోగం వచ్చాక తిరిగి కడతానని రాసిచ్చాను. తెల్ల రేషన్ కార్డు జిరాక్సు జత చేయమన్నారు. పట్నంలో ఏడాదికి 2 లక్షల లోపు ఆదాయం ఉంటేనే ఆ కార్డు. నా పోయినేటి ఫారం 16లో జీతం చూసి మీ కోశాధికారి నవ్వాడు. ‘ఫ్లాట్ ఉంది కదా సార్’ అన్నాడు. ఫ్లాట్ బ్యాంకుది. అమ్మబోతే, ఇప్పుడు వచ్చే రేటుకి అప్పు కూడా తీరదు.

అది జరిగిన వారానికే మీ గ్రూపులో మెసేజ్: ఫలానా టవర్స్‌లో స్టాల్‌కి మీరే బాధ్యత తీసుకోండి, అక్కడ మీకు పరిచయాలున్నాయి కదా అని. మా టవర్‌లో నాలాగే ఉద్యోగం పోయినవాడి దగ్గర 200 అడగడానికి నేను పనికొస్తాను. నా కూతురి ఫీజు దగ్గరికి వచ్చేసరికి నేను దాతల జాబితాలో ఉంటాను. మీకు కావాల్సినప్పుడు మేం మీ మనుషులం. మాకు కావాల్సినప్పుడు కార్డు.

చిక్కడపల్లి_చిన్నోడు:
అన్నా… గిది నాకు ఎరుక లేదు. లడ్డూ మాట వాపస్ తీసుకుంటున్న.

మూసీవొడ్డు:
ఆ కార్డు నియమం పెట్టింది నేనే. కోశాధికారి నవ్వినందుకు అతన్ని అడుగుతాను. నియమాన్ని మాత్రం వెనక్కి తీసుకోను.

పాలమూరు నుంచి బిడ్డని ఎత్తుకొచ్చిన తల్లికి అమ్ముకోడానికి ఫ్లాటు లేదు, ఫోన్ చేయడానికి ఇంజనీరు స్నేహితుడు లేడు, ఇక్కడ వాదించడానికి అకౌంటు కూడా లేదు. నిధిలో ఉన్నది పిడికెడు. అది మనలాంటివాళ్ళకి తెరిచామంటే, దరఖాస్తు బాగా రాయగలిగినవాళ్ళే ముందొస్తారు. కింద ఉన్నవాళ్ళు కిందే ఉండిపోతారు. తప్పంటారా?

బోడుప్పల్_అత్తమ్మ:
తప్పనను. కానీ మరి ఎవరి దగ్గర అడగబోతున్నారో వాళ్ళ గడపలోనే కష్టం వచ్చిందిగా నాయనా. మా అల్లుడిదీ ఇదే కథ, అమ్మాయి చెప్పలేదు, నేనే కనిపెట్టాను. నెలకి 200 తీసుకుని, కష్టమొచ్చిన రోజున ‘మీరు మా కోవలోకి రారు’ అంటే, మళ్ళీ నెల ఎందుకిస్తారు?

టీకప్పు:
చిట్టీ అనుకుంటున్నారా అత్తమ్మగారూ, కట్టాం కాబట్టి మాకూ రావాలనడానికి? అలా లెక్క వేసుకునేవాళ్ళు ఇవ్వకపోవడమే మేలు.

నైట్‌షిఫ్ట్:
చిట్టీ అని నేననలేదు. నాలుగేళ్ళు ఎవరి కులం, ఎవరి కార్డు అని అడక్కుండా వడ్డించాను. అదే మర్యాద నాకు దక్కాలన్నాను. ఆకలికి కార్డు అడగరు, చదువుకి అడుగుతారు. ఆ తేడా ఎందుకో చెప్పండి.

మూసీవొడ్డు:
అన్నం అందరికీ సరిపడా వండొచ్చు. ఫీజు అలా కాదు.

రిటైర్డ్_ఆడిటర్:
చట్టం సంగతి చెప్తాను, కోపతాపాలు మీరు చూసుకోండి. ట్రస్టీలకి, వాళ్ళ బంధువులకి సంస్థ సొమ్ముతో మేలు జరిగితే పన్ను మినహాయింపుకే ఎసరు. భారీగా ఇచ్చిన దాతలకీ అదే. మామూలు వాలంటీరు ఆ జాబితాలో లేడు. కాబట్టి ఇవ్వకూడదని చట్టం అనడం లేదు, మీ నియమం అంటోంది. ఆదాయ పరిమితి ట్రస్ట్ డీడ్‌లో, అంటే సంస్థ స్థాపన పత్రంలో, రాసి ఉంటే మార్చడం పెద్ద తతంగం. కమిటీ తీర్మానం మాత్రమే అయితే ఒక్క మీటింగులో మారుతుంది. ఏది?

మూసీవొడ్డు:
తీర్మానమే. ఈ ఆదివారం కమిటీ ఉంది. టేబుళ్ళ సంగతి ఓటుకి పెడుతున్నాం. ఫీజు నియమం అజెండాలో లేదు.

చిక్కడపల్లి_చిన్నోడు:
లేకుంటే ఎక్కియ్యిండ్రి. గంతేగా.

ఎస్ఆర్‌నగర్_హాస్టల్:
అన్నా, నేను నాలుగింటికి వస్తా. ఎక్కడికి రావాలో లొకేషన్ పెట్టండి.

నైట్‌షిఫ్ట్:
ఎక్కించినా ఎక్కించకపోయినా మా టవర్ దగ్గర టేబుల్ వేయనివ్వను. అసోసియేషన్‌లో నేనూ సభ్యుణ్ణే.

మూసీవొడ్డు:
వేరే టవర్లున్నాయి.

రిటైర్డ్_ఆడిటర్:
అజెండాలో కొత్త అంశం చేర్చాలంటే ముందస్తు నోటీసు ఉండాలి. ఎన్ని రోజులని మీ నిబంధనల్లో రాసుకున్నారు? నగదు ప్రశ్నకి కూడా ఇంకా జవాబు రాలేదు.