మడమ అంటే మీ వైపు ఏది? పాదం వెనక భాగమా, చీలమండా?

ఫిజియోథెరపీకి వచ్చేవాళ్ళ కోసం తెలుగులో చిన్న కరపత్రం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే పాదం అడుగున, వెనక వైపు పొడిచినట్టు వచ్చే నొప్పి గురించి అది. ‘మడమ నొప్పి’ అని రాశాను. చదివినవాళ్ళలో కొందరు కాలి పక్కన పొడుచుకొచ్చిన ఎముకను చూపించారు. అది చీలమండ కదా! కానీ కాలు మెలిక పడినా వాళ్ళు ‘మడమ బెణికింది’ అనే అంటున్నారు. రెండింటికీ వ్యాయామాలు వేరు, కాబట్టి చూసీచూడనట్టు వదిలేయలేను.

బ్రౌన్ నిఘంటువు చూశాను. అందులో మడమ వేరు, చీలమండ వేరు. ‘గుదికాలు’ అని మార్చి చూస్తే కుర్రవాళ్ళకు అర్థం కాలేదు. సంస్కృతంలో పార్ష్ణి, గుల్ఫం అని చక్కగా విడదీశారు (వెనక నుంచి దాడి చేసే రాజు పార్ష్ణిగ్రాహుడు, మడమ పట్టుకునేవాడు!), కానీ కరపత్రంలో అవి నడవవు. ‘మాట తప్పడు, మడమ తిప్పడు’ అందరికీ వచ్చు, ఆ మడమ ఎక్కడుందో చూపించమంటే మళ్ళీ తికమకే. బొమ్మ వేసి బాణం గుర్తు పెట్టాను గానీ, ఫోన్లో చదివి వినిపించేటప్పుడు అది పనికిరాదు.

నడిచేటప్పుడు ముందుగా నేలకు ఆనే ఆ వెనక భాగాన్ని మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారు? మీ జిల్లా పేరుతో సహా చెప్తారా?