హాఫ్-లైఫ్ 2: గ్రావిటీ గన్ ఒక్కదానితో రేవెన్‌హోమ్ దాటేదెలా? (హార్డ్, పీసీ)

నల్లక్రాబ్
జాంబీ చాపర్ అచీవ్‌మెంట్ కోసం ఆడుతున్నా. రేవెన్‌హోమ్ చాప్టర్ మొత్తం గ్రావిటీ గన్‌తోనే (వస్తువుల్ని లాగి విసిరే తుపాకీ) అవ్వాలి కదా. మొదట్లో రంపం బిళ్ళలు బోలెడు దొరుకుతున్నాయి, ఇబ్బంది లేదు. మేడల మీదికి వచ్చాకే తంటా. కేబుల్ మీద బండి వచ్చేదాకా ఆగాల్సిన చోట ఫాస్ట్ జాంబీలు గొట్టాలెక్కి మీద పడుతున్నాయి. విషం హెడ్‌క్రాబ్ (తలకి అతుక్కుని మనిషిని జాంబీ చేసే జీవుల్లో విషపు రకం) కరిస్తే హెల్త్ 1కి పడిపోతోంది, ఆర్మర్ నిండా ఉన్నా అంతే. ఇంకోటి, తర్వాత వచ్చే శాండ్‌ట్రాప్స్ చాప్టర్లో ఇసుక తొక్కకుండా దాటే పద్ధతి కూడా ఎవరైనా చెప్పండి.

రంపంబిళ్ళ
ముందు కీల సంగతి. సెట్టింగ్స్ మార్చకపోతే జీ నొక్కగానే గ్రావిటీ గన్ చేతికొస్తుంది. అది చేతిలో ఉండగా మళ్ళీ జీ నొక్కితే అంతకుముందు పట్టుకున్న ఆయుధం వస్తుంది. కంగారులో రెండుసార్లు నొక్కి, ఎడమ క్లిక్ కొట్టారంటే పిస్టల్ పేలి అచీవ్‌మెంట్ పోతుంది. ఆ ఊళ్ళో ఉండే పాదిరీ, ఫాదర్ గ్రిగొరి, మనకి షాట్‌గన్ విసిరే చోట కూడా ఇదే ప్రమాదం. అది తీసుకున్నాక చేతిలో ఏముందో చూసుకున్నాకే క్లిక్ చెయ్యండి. క్రోబార్ కూడా వేరే ఆయుధమే అనుకోండి, పెట్టెలు పగలగొట్టడానికైనా సరే తియ్యొద్దు. పెట్టెను కుడి క్లిక్‌తో ఎత్తి గోడకేసి కొడితే అదే పగులుతుంది.

బిళ్ళ విషయానికొస్తే, గన్ పట్టుకోగానే అది అడ్డంగా తిరిగి ఉంటుంది కాబట్టి నడుం ఎత్తులో గురిపెట్టి వదలండి. జాంబీలు ఒకే వరసలో వస్తుంటే ఒక్క బిళ్ళతో రెండు మూడు తెగుతాయి. అందుకే మొదటిది కనబడగానే కొట్టెయ్యకుండా, వెనక్కి నడిచి వాటిని సన్నటి సందులోకో తలుపు దగ్గరికో రానివ్వాలి. గోడలో దిగిన బిళ్ళను కుడి క్లిక్‌తో లాక్కోవచ్చు. నేల మీది హెడ్‌క్రాబ్‌కి మాత్రం బిళ్ళ అంత పనికిరాదు, పలచగా ఉంటుంది కాబట్టి పైనుంచి పోవచ్చు. దానికి రేడియేటర్ (గది వేడిచేసే ఇనప సామాను) కొట్టండి. బరువైనది, పగలదు, మళ్ళీ వాడుకోవచ్చు. చెక్కపెట్టె అయితే ఒక్క దెబ్బకే ముక్కలు.

నిచ్చెన ఎక్కేటప్పుడు చేతిలో ఉన్నది జారిపోతుంది. ముందు బిళ్ళను పైగోడలోకి కొట్టి, ఎక్కాక పీక్కోండి.

ఎర్రడ్రమ్ము
బిళ్ళల మీద అంత మోజు అక్కర్లేదు బ్రో. ఊరంతా గ్రిగొరి పెట్టిన ఉచ్చులే, వాటిని వాడితే రూల్ తప్పినట్టు కాదు. గ్యాస్ వాల్వ్ తిప్పి, జాంబీలు దగ్గరికొచ్చాక మంట వెలిగించండి. ముందే వెలిగిస్తే మీరే అందులో ఇరుక్కుంటారు. మంటంటుకున్న జాంబీ వెంటనే పడిపోదు, కాలుతూనే నడిచొచ్చి కొడుతుంది. ఎదురెళ్ళకుండా దూరం జరగండి, అదే చస్తుంది.

మేడ మీద బండి బటన్ నొక్కే ముందే సరుకంతా పోగేసుకోవాలి. ఫాస్ట్ జాంబీలు వచ్చేది గొట్టాల మీంచే. ఆ గొట్టం అంచుకి ఎదురుగా, వెనక గోడ ఉండేలా నిలబడండి. ఎక్కేటప్పుడు రేకు చప్పుడు వినిపిస్తుంది, దాన్నిబట్టి ఏ వైపో తెలుస్తుంది. తల అంచు దాటి పైకి రాగానే కొట్టాలి. పూర్తిగా ఎక్కనిచ్చారంటే అరిచి దూకుతుంది, ఇక గురి కుదరదు. ఎర్ర డ్రమ్ములుంటే పక్కపక్కన పెట్టుకోవద్దు. ఒకటి పేలితే రెండోదీ పేలుతుంది, ఈ మోడ్‌లో మీరు పోయేది ఎక్కువగా దానివల్లే.

విషం హెడ్‌క్రాబ్ కాటుకి ఆర్మర్ అడ్డం పడదు, అది గేమ్‌లోనే అంత. మీరు వేసుకున్న సూట్ విరుగుడు మందు ఎక్కించేకొద్దీ పోయిన హెల్త్ తిరిగొస్తుంది. కాబట్టి ఆ కాసేపట్లో మెడ్‌కిట్ మింగెయ్యడం దండగ. అసలు ప్రమాదం ఏమిటంటే, హెల్త్ 1 మీద ఉన్నప్పుడు మామూలు జాంబీ గోరు తగిలినా చాలు. పాయిజన్ జాంబీ వీపు మీద మూడు హెడ్‌క్రాబ్‌లు ఉంటాయి, దూరంనుంచే మీ మీదికి విసురుతుంది. కాబట్టి టేబులో రేడియేటరో ముందు పట్టుకునే వెళ్ళండి, దూకింది దానికే తగిలి కింద పడుతుంది. బుసలు వినబడితే మూల తిరగొద్దు, కాసేపు ఆగండి.

ఎఫ్9వీరుడు
పైవాళ్ళు వదిలేసింది సేవ్ గురించి. ఎఫ్6 (క్విక్ సేవ్) ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, పాతదాని మీదే రాసేస్తుంది. హెల్త్ 1 ఉండగా, లేదా పొరపాటున తుపాకీ పేలాక ఎఫ్6 పడిందంటే ఎఫ్9 (క్విక్ లోడ్) మళ్ళీ అక్కడికే తీసుకెళ్తుంది. మేడల ముందు, శ్మశానం ముందు, గనిలోకి దిగే ముందు మెనూలోంచి వేరే సేవ్‌లు పెట్టుకోండి. అచీవ్‌మెంట్ తెర మీద పడేదాకా తుపాకీ ముట్టొద్దు, గని అయిపోయినట్టే కనిపించినా సరే.

ఇక ఇసుక. ఇసుక కింద ఉండే యాంట్‌లయన్లు (పెద్ద పురుగులు) బయటికొచ్చేది మీ అడుగుకే. చెక్కలు, ప్యాలెట్లు ఇసుక మీద పడినా అవి కదలవు. కాబట్టి రెండు వెడల్పాటి ముక్కలుంటే చాలు. ఒకదాని మీద నిలబడి, వెనకదాన్ని కుడి క్లిక్‌తో ఎత్తి ముందు దించండి, విసరొద్దు. ఎత్తేముందు మీ రెండు కాళ్ళూ ముందు చెక్క మధ్యలోకి వచ్చాయో లేదో కిందికి చూసుకోండి. నిలబడ్డ చెక్కను ఎత్తబోతే గన్ ఎత్తదు, తోసుకుంటూ అంచుకి వెళ్ళారంటే జారతారు. వాలు మీద పెట్టిన చెక్క మీదికి దూకితే అది కూడా మీతోపాటు జారుతుంది, అక్కడ నెమ్మదిగా నడిచే ఎక్కాలి. డ్రమ్ముల మీద అసలు నిలబడొద్దు, దొర్లుతాయి. రాళ్ళు దొరికినచోటల్లా వాటి మీద ఆగి, చెక్కలు రెండూ దగ్గరికి లాక్కుని, సేవ్ చేసుకుని ముందుకెళ్ళండి. యాంట్‌లయన్ లేచిందంటే కాలు ఇసుకకి తగిలినట్టే. దాన్ని చంపి లాభం లేదు, లోడ్ చేసెయ్యండి.

నల్లక్రాబ్
జీ నొక్కితే పాత ఆయుధం వస్తుందని ఇప్పుడే తెలిసింది, థాంక్స్. శ్మశానంలో గ్రిగొరి పక్కన ఉన్నప్పుడు బిళ్ళ విసిరితే ఆయనకి తగులుతుందా?

ఎర్రడ్రమ్ము
ఆయనకి అడ్డంగా విసరకపోతే ఆ గొడవే ఉండదు. ఆయన ఒకవైపు కాలుస్తుంటే మీరు రెండోవైపు చూసుకోండి, డ్రమ్ములు మాత్రం ఆయన దగ్గర పేల్చొద్దు.