పెరుగు తీగలు సాగుతోంది, తోడు మార్చినా అంతే

పది రోజులుగా మా ఇంట్లో పెరుగు గరిటెతో తీస్తే జిగురుగా తీగలు సాగుతోంది. రుచి కమ్మగానే ఉంది, చెడు వాసన లేదు, రంగూ మారలేదు. కానీ పిల్లలు ముట్టడం లేదు (నాకూ మింగుడు పడట్లేదు, నిజం చెప్పాలంటే).

అర లీటరు గేదె పాలు బాగా కాచి, చల్లార్చి, రాత్రి 9కి ఒక చెంచా తోడు వేస్తాను. థర్మామీటర్ పెట్టి చూశాను: తోడు వేసేటప్పుడు 42 డిగ్రీలు, తెల్లారి 6కి 23. ఈ చలికి వంటగదే 19 ఉంటోంది. తోడుకోవడానికి 10 గంటలు పడుతోంది, ఎండాకాలంలో 5 గంటలే.

పక్కింటి వాళ్ల తోడు తెచ్చాను, రెండు రోజులు బాగుంది, మూడో రోజు మళ్లీ జిగురు. గిన్నె, చెంచా మరిగే నీళ్లలో వేసి తీశాను. స్టీలు గిన్నె మానేసి మట్టి పిడత వాడాను. తోడు రెండు చెంచాలకు పెంచితే పులిసింది తప్ప తీగలు పోలేదు.

చల్లదనంలో జిగురు చేసే రకం బ్యాక్టీరియా పైచేయి అవుతుందని విన్నాను. అదే నిజమైతే, కొత్త తోడు వేసి, తోడుకునేదాకా పాలను 40 డిగ్రీల దగ్గర నిలబెడితే ఈ జిగురు మళ్లీ రాకుండా ఉంటుందా?